మూడో బిళ్ల

ఆగస్టు 11

ఇవాళ నా భార్య భూలక్ష్మి చనిపోయింది. జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

నిన్న సాయంత్రం నుంచి ఆమెకు జ్వరం. పొద్దున గని సైరను మొదటి కూతకు లేచి నుదుటి మీద తడిగుడ్డ వేశాను. గంజి వద్దంది. వాళ్ల అన్న గట్టయ్య ఇవాళ ఒడిబియ్యానికి పిలిచాడు. రాలేనని నిన్ననే పక్క గది కొమురమ్మతో కబురు పంపింది. "నువ్వు పో, నీ నీళ్లు ఆగవు" అంది. నా పని అడుగు గ్యాలరీలో ఊట నీళ్లు పైకి తోడే పంపు దగ్గర. నిజమే, ఆ నీళ్లు ఆగవు.

మా అమ్మాయి తొలకరి గాలిగొట్టం మూతికి తడిబట్ట కట్టి, గ్యాలరీ మొగదల బోర్డు మీద తన పేరు బిళ్ల తీసుకుని బడికి వెళ్లింది. నా బిళ్ల నేను తీసుకున్నాను. మా కొక్కేనికి భూలక్ష్మి బిళ్ల ఒక్కటే మిగిలింది. చూసే వెళ్లాను.

మధ్యాహ్నం కబురు వచ్చింది. నేను వచ్చేసరికి గట్టయ్య చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తొలకరి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. గది కాగుతోంది. గొట్టంలోంచి గాలి మాత్రం వస్తోంది.

డాక్టరు జ్వరం అని రాసుకున్నాడు. గట్టయ్య నా చెయ్యి పట్టుకుని, "జ్వరమని తెల్సి నేను పొద్దుగాల రాలేదు బావా, వస్తే బతుకునేమో" అని ఏడ్చాడు. ఆఖరున పుట్టింటి మనిషి ఒకరైనా పక్కన ఉన్నందుకు నాకు కాస్త ఊరట అనిపించింది.

కొక్కేనికి ఉన్న ఆమె బిళ్ల మీద పసుపు, బొట్టు ఉన్నాయి. ఆడవాళ్లెవరో పెట్టి ఉంటారు. సాయంత్రం ఆఫీసు వాళ్లు వచ్చి ఆ బిళ్ల తీసుకుపోయారు.


నవంబరు 3

గొట్టం మూతికి కట్టే గాలిగుడ్డ ఉతకడం ఇప్పుడు నా పని. బొగ్గు మసి ఎన్ని నీళ్లు పోసినా వదలదు. భూలక్ష్మి బూడిదతో రుద్దేది. నేనూ అలాగే చేస్తున్నాను. ఆమె ఉతికినంత తెల్లగా రాదు.

రెండు బిళ్లలకు గొట్టం రెప్ప కొంచెమే తెరుచుకుంటుంది. రాతి గోడల వేడి పొద్దుగూకేసరికి గదిలో నిండుతుంది. పైన నేల మీద ఎండలో మనిషి నిలవలేడు కాబట్టి పాత బొగ్గు గనిలో ఉంటున్నాం. ఇక్కడ గాలి వచ్చినంత వరకే బతుకు. గదిలో మనిషి ఉన్నాడా లేడా అని ఎవరూ చూడరు. కొక్కేనికి ఎన్ని బిళ్లలుంటే అంత గాలి. ఖాళీ కొక్కెం గదికి రెప్ప పూర్తిగా మూసుకుంటుంది.

తొలకరి ఇవాళ అన్నం తింటూ అడిగింది.

"బాపూ, నేను భౌతికశాస్త్రం చదువుత. నువ్వేమంటవ్?"

"మీ అమ్మ ఏమన్నది?"

"అమ్మ ఎప్పుడో ఊ అన్నది. ఫ్యాను గదిల నేను కూసుంటే కాఫీ తెచ్చిస్తనన్నది."

గనికంతా గాలి పంపే ఫ్యాను మీద చెయ్యి వేసే హక్కు భౌతికశాస్త్రం డిగ్రీ ఉన్నవాళ్లకే. ఇప్పటిదాకా ఆ గదిలో కూర్చున్నవాళ్లంతా పైన చల్లబరిచిన గదుల్లో ఉండే పైనగరం వాళ్లే. ఏ గ్యాలరీకి ఎంత గాలో వాళ్లే చెబుతారు, మేం వింటాం. ఎందుకని అడిగితే, మీకు అర్థం కాదంటారు. అది నిజమే కావడం వల్ల తిరిగి మాట్లాడలేం.

"సరే, వెతుకుదాం" అన్నాను.

భూలక్ష్మి పోయాక ఆ పిల్ల నవ్వడం ఇవాళే చూశాను.


డిసెంబరు 14

నేను చదివింది చరిత్ర. కాలేజీల పాఠ్యాంశాలు ముందేసుకుని, ఫ్యాను గది వాళ్లు అడిగేవి అందులో ఉన్నాయా లేవా అని చూడటం ఒక్కటే నాకు చేతనైంది. ఉష్ణగతిక శాస్త్రం ఉండాలి. వాయువుల ప్రవాహం ఉండాలి. నిజమైన ప్రయోగశాల ఉండాలి.

ఫీజు అంటే గాలే. ప్రతి ఆరు నెలలకు ఒక ఫీజు పూట. ఆ పూట రెండో కూత నుంచి మధ్యాహ్నం దాకా మన కొక్కేనికి ఉన్న బిళ్లల గాలి పైనగరంలో కాలేజీకి వెళ్తుంది. గది మూసేసి ఇంటివాళ్లంతా గ్యాలరీ హాల్లో, అందరి ఫ్యాను కింద కూర్చుంటారు. పేకాడుకుంటారు, చిన్న పిల్లలు నిద్రపోతారు. ఏ కాలేజీకి ఎన్ని బిళ్లలు అన్నదే లెక్క.

పేరున్న కాలేజీకి ఆరు. అంత పెద్ద కుటుంబం ఈ గనిలో లేదు. 

ఇంకొకటి రెండు బిళ్లలకే ఇస్తానంది. సంతోషపడ్డాం. చదివి చూస్తే నాలుగేళ్లూ పాఠాలే, ప్రయోగశాల లేదు, వేడి గురించి ఒక్క అధ్యాయం. ఫ్యాను గదికి ఫోన్ చేసి అడిగాను. ఆ పట్టా చెల్లదన్నారు.

"అది డిగ్రీ గాదు బాపూ, గోడకు తగిలిచ్చుకునే బొమ్మ" అంది తొలకరి.

మూడోది చెప్పింది గట్టయ్య. వాళ్ల అబ్బాయి సాకేత్ చదివేది అక్కడే, ఇప్పుడు ఆఖరు సంవత్సరం. ఇంట్లో తెర ముందు కూర్చుని చదవొచ్చు. ఏడాదికి రెండుసార్లు, నెలేసి రోజులు ప్రయోగాల కోసం పైకి వెళ్లాలి. ఫ్యాను గది ఒప్పుకుంటుంది. మూడు బిళ్లలు.

మాకున్నవి రెండు.


జనవరి 20

గట్టయ్య వచ్చాడు. ఎప్పటిలాగే తలుపు లోపలికి అడుగు పెట్టేముందు తన ఇనుపకర్రతో కప్పు మీద రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి విన్నాడు. నాలుగో గ్యాలరీలో కప్పును పరీక్షించే సర్దారు ఆయన. రాయి గట్టిగా ఉందో వదులైందో శబ్దాన్ని బట్టి చెబుతాడు.

"మీ ఇల్లు ఇంకా కూలలేదు బావా, బతికిపోయినవ్" అన్నాడు.

"నువ్వు కొట్టిన దెబ్బలకే కూలుతది మామా" అంది తొలకరి.

"సైంటిస్టమ్మ మాట్లాడుతున్నది, నేను గమ్మునుంట." పుట్టగొడుగుల కూర గిన్నె నా చేతిలో పెట్టాడు. "మీ అత్త పంపింది. ఉప్పు ఎక్కువైంది, తిట్టుకోకుండ తినున్రి."

సీటు సంగతి చెప్పాను. మూడో బిళ్ల లేదన్నాను.

"నాది ఉన్నది గద" అన్నాడు వెంటనే. "ఫీజు పూట నా బిళ్ల తెచ్చి మీ కొక్కేనికి వేస్త. మా ఇంటిది, నేను హాల్ల కూసుంటం. నాలుగేండ్లు వేస్త. మేనకోడలికి ఆ మాత్రం జెయ్యనా?"

"మరి సాకేత్ ఫీజు?"

"వానిది అయిపోయింది. ఆగస్టుల కట్టిందే ఆఖరు."

తొలకరి లేచి వెళ్లి మామ పక్కన కూర్చుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. మంచి మనిషి అనుకున్నాను. ఇది రాసి ఉంచాలని కూడా అనుకున్నాను, అందుకే రాస్తున్నాను.

ఆయన వెళ్లాక దరఖాస్తు పంపాం. ఫీజు పూట ఫిబ్రవరి పదకొండు. తేదీ చూసి తొలకరి నా వైపు చూసింది. ఆరు నెలలవుతుంది ఆ రోజుకు.


ఫిబ్రవరి 6

కాలేజీ నుంచి తెర మీద పిలుపు వచ్చింది. ప్రవేశాల విభాగంలో ఒకామె, పేరు నీలవేణి. చల్లటి గదిలో శాలువా కప్పుకుని కూర్చుంది. తొలకరి బడిలో ఉంది.

"అమ్మాయికి మార్కులు బావున్నాయి సర్. సీటు ఖాయం చేయడానికి చిన్న వివరం కావాలి. మీ గదికి రెండే బిళ్లలు కదా, మూడోది ఎవరిది?"

"మా బావది. గట్టయ్య. నాలుగో గ్యాలరీ."

"అరె, సాకేత్ వాళ్ల నాన్నగారా!" ఆమె నవ్వింది. "అయితే దిగుల్లేదు. ఆయనకు ఈ పద్ధతులన్నీ తెలుసు. పోయిన ఆగస్టులో సాకేత్ ప్రయోగాలకు ఇక్కడికి వచ్చాడు కదా, బిళ్ల అతనితోనే ఉంది. ఇంట్లో రెండే ఉన్నాయి. సీటు పోతుందేమోనని మేమే కంగారుపడ్డాం. ఆయన చెల్లెలి బిళ్ల తెచ్చి పెట్టారు."

శాలువా సర్దుకుని ఆమె ఇంకా చెప్పింది.

"ఒడిబియ్యం అంటారట కదా మీ వైపు? ఆడపిల్ల కంటే ముందు ఆమె బిళ్ల పుట్టింటికి వెళ్తుందట. ఎంత మంచి ఆచారమో అనిపించింది సర్. మీ గనిలో చాలామంది అలాగే సర్దుకుంటున్నారు."

"ఆ రోజు తేదీ ఏమిటి?"

"మాకు ఫీజు పూట ఎప్పుడూ పదకొండే."

"ఆ బిళ్ల మధ్యాహ్నం దాకా ఉందా?"

"ఉండబట్టే కదా సీటు నిలిచింది." ఆమె ఏదో రాసుకుంటూ అంది, "వాళ్ల చెల్లెలుగారికి మా తరఫున నమస్కారం చెప్పండి సర్. అలాంటివాళ్లు ఉండబట్టే పిల్లలు చదువుకుంటున్నారు."

చెబుతానన్నాను. తెర ఆగిపోయాక కూడా దాని ముందే కూర్చున్నాను.

ఆ ఆచారం నాకు తెలియనిది కాదు. అన్న తెల్లవారుజామున వచ్చి, చెల్లెలి బిళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తన గ్యాలరీకి తీసుకుపోతాడు. చెల్లెలు తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వెనకాల వెళ్తుంది. ఈ నడుమ గంటసేపు ఆమె ఎక్కడి మనిషీ కాదు. అదొక ముచ్చటగా చెప్పుకునేవాళ్లం. మా పెళ్లయిన ఏడు భూలక్ష్మి ఆ గంట సేపూ తలుపులు తెరుచుకుని, పాటలు పాడుకుంటూ ముస్తాబైంది.

ఈసారి ఆమె నిద్రలో ఉంది. బిళ్ల వెళ్లింది. రెప్ప మూసుకుంది.


ఫిబ్రవరి 7

కొమురమ్మ తలుపు తట్టాను. ఆమె అరవై దాటిన మనిషి. మాకు పక్క గది. భూలక్ష్మి పోయాక పదకొండు రోజులూ మాకు వండి పెట్టింది ఆమే.

"అక్కా, ఆ పొద్దు గట్టయ్య వచ్చిండా?"

ఆమె చేటలో పప్పు ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"ఎవలన్నరు?"

"నువ్వు చూసినవా?"

"చూసిన." చేట పక్కన పెట్టింది. "తలుపు కొట్టిండు. పలుకలే. పండుకున్నట్టున్నది, లేచినంక పంపక్కా అని నాతోని చెప్పి, బిళ్ల తీస్కపోయిండు. నేను లేపుదామనే అనుకున్న. జ్వరం మనిషి గదా, ఇంకింత పండుకోని అనుకున్న తమ్మీ."

"ఆరు నెలలైంది. నాకు చెప్పలేదు."

"చెప్తే లేసొస్తదా?"

"గ్యాలరీల ఇంకెవలకు ఎరుక?"

ఆమె చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుని పప్పు ఏరసాగింది. అంటే అందరికీ తెలుసు. పెద్దకర్మ రోజు వరుసగా కూర్చుని మా ఇంట్లో తిన్నవాళ్లందరికీ తెలుసు.

"లొల్లి జెయ్యకు ఓదెలూ" అంది, నేను లేస్తుంటే. "బోర్డు కాడ ఉండే ద్వారం సర్దారు చెవిల పడితే ఒకల బిళ్ల ఒకల కొక్కేనికి వెయ్యనియ్యడు. గిట్లనే ఫీజులు కట్టుకుంటున్నరు అందరు. నా మనుమరాలు నర్సు చదువుతున్నది. నీ బిడ్డ సుత రేపు గట్లనే చదవాలె గద?"

భూలక్ష్మి చనిపోయిన రోజు నాకున్నది ఒక్క దుఃఖం.


ఫిబ్రవరి 8

షిఫ్టుకు ముందు నాలుగో గ్యాలరీకి వెళ్లాను. గట్టయ్య కప్పు కొట్టుకుంటూ నడుస్తున్నాడు. వెనకాల నడిచాను. టోపీ దీపం వెలుతురు చూసి గుర్తుపట్టాడు.

"గీ యాళ్లప్పుడు వచ్చినవేంది బావా? పంపు చెడిపోయిందా?"

"ఆ పొద్దు భూలక్ష్మి బిళ్ల నువ్వు తీస్కపోయినవా?"

ఇంకో రెండు చోట్ల కొట్టాడు. విన్నాడు. కర్ర దించాడు.

"తీస్కపోయిన."

"రానని కబురు పంపింది."

"పంపింది. పొద్దుగాలకు తగ్గుతదనుకున్న. తొమ్మిదింటికల్లా లేచి వస్తదనుకున్న."

"రాలేదు."

"రాలేదు." ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "పదింటికి హాల్లకెల్లి లేచిన బావా. బిళ్ల తిరిగి ఇచ్చొద్దామని. మళ్లా కూసున్న. రెండు గంటలే గద అనుకున్న. వానికి ఆఖరు ఫీజు. ఒక్క పూటతోటి పట్టా చేతికొస్తది. పన్నెండు గాంగనె బిళ్ల తెచ్చి మీ కొక్కేనికి వేసి, తలుపు తీసిన."

"నువ్వు నాతోని పొద్దుగాల రాలేదన్నవ్."

"అన్న."

"నీ బిళ్ల నా బిడ్డకు ఇస్తనన్నది అందుకేనా?"

"అందుకే. ఇంకేం జెయ్యాలె చెప్పు? నాలుగేండ్లు గాదు, సచ్చేదాంక వేస్త." నా మోకాలు పట్టుకున్నాడు. "నన్ను ఏమన్న జెయ్యి. వానికి తెల్వదు. వానికి తెల్వనియ్యకు."

నాకు ఆయన్ను కొట్టాలనిపించలేదు. అలా అనిపించి ఉంటే తేలికగా ఉండేది. ఆరు నెలలుగా ఈ మనిషి తెచ్చిన కూర తిన్నాం. ఈయన జోకులకు మా పిల్ల నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఎదురుచూశాను.

మోకాలు విడిపించుకుని పంపు దగ్గరికి వెళ్లాను. రోజంతా నీళ్లు తోడాను.


ఫిబ్రవరి 10

ఇవాళ బడి నుంచి రాగానే తొలకరిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. దాచి సీటు ఇప్పించవచ్చు. మూడు రోజులు అదే ఆలోచించాను. కానీ ఈ సంగతి దాచినవాళ్ల జాబితాలో నేను చేరదలచుకోలేదు.

ఆమె ఏడవలేదు. గాలిగొట్టం వైపు చూసింది.

"తడిబట్ట ఆరలేదు బాపూ" అంది. "ఆ పొద్దు నేను కట్టి పోయిన గద. గాలి వస్తే మధ్యాహ్నానికి అంచులు ఎండి బిర్రుగైతయ్. నేనొచ్చి చూస్తే నీళ్లు కారుతనే ఉన్నయ్. గాలేమో వస్తున్నది. ఎట్లనో అర్థం గాలే. అప్పటికెల్లి అదే ఆలోచిస్తున్న."

"నాకెందుకు చెప్పలేదు?"

"చదువుకుంటే తెలుస్తదనుకున్న."

ఆమె లేచి ఆ గుడ్డ అంచులు తడిమి వచ్చి కూర్చుంది. 

"కొమురమ్మ పెద్దమ్మకు తెల్సా?"

"తెలుసు."

"సాకేత్ బావకు?"

"తెల్వదట."

"మామ రేపు వస్తడా?"

"మొదటి కూతకే వస్తనన్నడు. బిళ్ల తెస్తడు."

"ఆ బిళ్ల మన కొక్కేనికి వద్దు."

"వద్దంటే సీటు పోతుంది తొలీ. వచ్చే ఏడు రెండు బిళ్లలకు ఎవరూ ఇవ్వరు. నేను వెతికాను. ఇంతకంటే తక్కువకు నిజమైన డిగ్రీ ఎక్కడా లేదు."

"తెల్సు. నాకు ఆ సీటు కావాలె బాపూ. మస్తు కావాలె. కాని అమ్మ గాలి తీసినోని గాలితోని వద్దు."

ఇంకెవరినైనా అడుగుదామన్నాను.

"ఎవలను? అందరికి ఎరుకేనంటివి గద."

"అందుకే అడుగుదాం. ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను."

"చెప్తే ద్వారం సర్దారు అందరియి బందు పెడతడు. మనమీద ఉమ్ముతరు."

"ఉమ్మొచ్చు. ఆయన బందు పెట్టేది రెండో కూత అయినంక. అంతకుముందు ఎవరన్న వేస్తే చెల్లుతది."

"ఎవ్వలు వెయ్యరు."

"వెయ్యకపోవచ్చు."

"నేను సుత వస్త" అంది. తర్వాత లేచి భౌతికశాస్త్రం పాత పుస్తకం తీసుకుని, దీపం దగ్గరికి జరిగి కూర్చుంది. వేడి గురించిన పాఠం. ఇప్పుడు కూడా చదువుతూనే ఉంది, నేను ఇది రాస్తుంటే.

రేపు పొద్దున మొదటి కూతకు ముందే బోర్డు దగ్గరికి వెళ్తాను. మా రెండు బిళ్లలు మా కొక్కేనికి తగిలిస్తాను. ద్వారం సర్దారు, గ్యాలరీ వాళ్లు అందరూ వచ్చాక, ఆగస్టు పదకొండున నా భార్య మూసిన గదిలో ఎలా చనిపోయిందో, ఎవరు చేశారో, ఎవరు చూసి ఊరుకున్నారో పేర్లతో సహా చెబుతాను. గట్టయ్య బిళ్ల చాపితే తీసుకోను. అదంతా అయ్యాక వాళ్లను ఒక్కటే అడుగుతాను: మా అమ్మాయి చదువుకు మూడో బిళ్ల ఎవరు పెడతారని.